అమెరికా మహిళా కళాశాలల బాస్కెట్‌బాల్: 1982కు ముందున్న చరిత్ర ఎక్కడికి పోయింది?

లెక్కలపిచ్చి
2024 ఏప్రిల్ 7న సౌత్ కరోలినా జట్టు అయోవాను 87–75తో ఓడించి, ఆ సీజన్‌లో ఆడిన 38 ఆటలూ గెలిచి టైటిల్ పట్టుకుపోయిన తరువాత, మా అమ్మాయి కోసం ఇప్పటి వరకు గెలిచిన జట్ల పట్టిక ఒకటి తయారు చేద్దామని కూర్చున్నాను. ఏ జాబితా తెరిచినా అది 1982తోనే మొదలవుతోంది. పోనీ అంతకు ముందు పోటీలే లేవనుకుందామా అంటే, అయోవా ఆటగత్తె కెయిట్లిన్ క్లార్క్ గురించి రాసిన ప్రతి వార్తలోనూ లినెట్ వుడార్డ్ పేరు, 3,649 పాయింట్లు అనే అంకె కనిపిస్తున్నాయి. వుడార్డ్ కాన్సస్ విశ్వవిద్యాలయానికి ఆడింది 1977 నుంచి 1981 వరకు. అమెరికాలో కళాశాలల క్రీడలు నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. దాని రికార్డుల పుస్తకం ప్రకారం అప్పటి వరకు మహిళల రికార్డు 3,527 పాయింట్లతో కెల్సీ ప్లమ్‌ది. క్లార్క్ దాన్ని ఫిబ్రవరి 15న దాటినప్పుడు దేశమంతా పండుగ చేసుకున్నారు. అదే నెల 28న వుడార్డ్ అంకెను దాటితే ఆ పుస్తకంలో అక్షరం కూడా కదలలేదు. పాయింట్లు లెక్కపెట్టినవారు ఉన్నారు, ఆడినవారు ఉన్నారు, మరి ఆ ఏళ్లు ఎవరి ఖాతాలో ఉన్నట్టు?

పాతదస్త్రాలు
ఆ ఏళ్లు ఏఐఏడబ్ల్యూ ఖాతాలో ఉన్నాయి. కళాశాలల్లో వ్యాయామ విద్య బోధించే మహిళలు 1971లో కట్టుకున్న సంస్థ అది. ఎన్‌సీఏఏ అప్పటికి పురుషుల క్రీడలు తప్ప మరొకటి పట్టించుకునేది కాదు. 1972 నుంచి 1982 వరకు మహిళల జాతీయ టోర్నమెంట్ ఏఐఏడబ్ల్యూ నడిపింది. దానికి ముందు 1969, 1970, 1971లో జరిగిన ఆహ్వాన టోర్నమెంట్లను కూడా కలుపుకుంటే, మీ పట్టికకు పైన ఇంకా పదమూడు వరుసలు చేరతాయి. మొదటిది 1969లో పెన్సిల్వేనియాలోని వెస్ట్ చెస్టర్ కళాశాలలో జరిగింది. కోచ్ క్యారల్ ఎక్‌మన్ 16 జట్లను పిలిచి పోటీ పెట్టారు, ఆతిథ్య జట్టే వెస్టర్న్ కరోలినాను ఓడించి గెలిచింది. 1970లో కాల్ స్టేట్ ఫుల్లర్టన్, 1971లో మిసిసిపీ స్టేట్ కాలేజ్ ఫర్ విమెన్ గెలిచాయి.

మిరపకాయబజ్జీ
పిలిచినవాళ్లే గెలిచారంటే భోజనాలు మాత్రం ఘనంగా పెట్టి ఉంటారు.

అడ్డప్రశ్న
సంస్థ వేరైతే రికార్డు కూడా వేరే ఉంటుంది కదా. ఒక బ్యాంకు మూతపడితే దాని ఖాతాలను పక్క బ్యాంకు తన పుస్తకంలో రాసుకోవాలని ఎక్కడుంది? పైగా ఆ రోజుల్లో నియమాలు వేరు, బంతి వేరు, జట్ల స్థాయి వేరు. ఎన్‌సీఏఏ తన కింద జరిగిన ఆటలను మాత్రమే లెక్కపెట్టడంలో నాకు కుట్ర ఏమీ కనిపించడం లేదు.

నాక్స్‌విల్_అక్క
అడ్డప్రశ్న గారూ, మీ బ్యాంకు పోలిక ఒక చోట నిలవదు. టెన్నెసీ కోచ్ పాట్ సమిట్ 1974లో 22 ఏళ్ల వయసులో బాధ్యతలు తీసుకున్నారు. 2012లో తప్పుకునే నాటికి ఆమె గెలిచిన ఆటలు 1,098. ఆ సంఖ్యను ఎన్‌సీఏఏ తన పుస్తకంలోనే సగర్వంగా రాసుకుంటుంది. అందులో మొదటి ఏడు సీజన్ల విజయాలు ఏఐఏడబ్ల్యూ కాలానివే. కోచ్ గెలుపును లెక్కలోకి తీసుకుని, ఆ గెలుపు కోసం బంతి వేసిన అమ్మాయి పాయింట్లను మాత్రం తీసుకోకపోవడం ఏ పద్ధతి?

లెక్కలపిచ్చి
అక్కా, ఇది నాకు కొత్త సంగతి. మరి నియమాల తేడా అనే వాదన కూడా తేలిపోతుంది కదా. మూడు పాయింట్ల గీత మహిళల ఆటలోకి 1987–88 సీజన్‌లో వచ్చింది. చిన్న బంతి 1984–85లో వచ్చింది. అంటే 1982 నుంచి 1984 వరకు ఎన్‌సీఏఏ కింద ఆడిన అమ్మాయిలు కూడా వుడార్డ్ పట్టుకున్న పెద్ద బంతితోనే, గీత లేకుండానే ఆడారు. వారి పాయింట్లు పుస్తకంలో ఉన్నాయి.

అడ్డప్రశ్న
కోచ్‌ల సంగతి గట్టి ప్రశ్నే, ఒప్పుకుంటాను. కానీ ఏఐఏడబ్ల్యూను మీరందరూ దేవతలా నిలబెట్టడానికి ముందు ఒక్క విషయం చెప్పండి. ఆడే అమ్మాయిలకు స్కాలర్‌షిప్ ఇవ్వకూడదని మొదట నిషేధం పెట్టింది ఆ సంస్థే కాదా?

పాతదస్త్రాలు
ఆ నిషేధం నిజమే. పురుషుల క్రీడల్లో ఆటగాళ్ల కోసం కళాశాలలు పడే పోటీ, దానితో వచ్చే అవినీతి చూసి, చదువుకునే పిల్లలు చదువు కోసమే ఆడాలన్న పట్టుదలతో వారు ఆ నియమం పెట్టుకున్నారు. 1973లో ఫ్లోరిడాలోని మేరీమౌంట్ కళాశాల నుంచి దాని మీద దావా పడింది. ఆ ఏడాదే నియమం సడలించక తప్పలేదు. మరుసటి ఏడాది ఆన్ మేయర్స్ యూసీఎల్ఏలో పూర్తి క్రీడా స్కాలర్‌షిప్ పొందిన మొదటి మహిళ అయింది, 1978లో ఆ జట్టే జాతీయ టైటిల్ గెలిచింది. అయితే ఆ పట్టుదల ఒక్క ఏఐఏడబ్ల్యూతో పుట్టలేదు, దాని వెనుక ఎనభై ఏళ్ల భయం ఉంది. తీరిక దొరికినప్పుడు రాస్తాను.

పీఈటీ_విజయనగరం
తీరిక చేసుకుని రాయండి, ఎదురుచూస్తూ ఉంటాను. నేను 1980లలో మా విశ్వవిద్యాలయం మహిళల జట్టులో ఆడాను. దక్షిణ మండల అంతర్విశ్వవిద్యాలయ పోటీలకు రిజర్వేషన్ లేని పెట్టెలో, బంతుల సంచి మీదే కూర్చుని వెళ్లేవాళ్లం. పురుషుల జట్టుకు ట్రాక్‌సూట్లు వచ్చేవి, మాకు మాత్రం పోయిన ఏడాది వాళ్లు విడిచినవి దక్కేవి. అమెరికాలో కూడా అమ్మాయిలకు ఇటువంటి రోజులే ఉండేవా అన్నది నా సందేహం.

డెమోయిన్_తెలుగు
ఇంతకంటే గొప్పగా ఏమీ లేవండి. ఇమాక్యులాటా కథ చదివారా? ఫిలడెల్ఫియా దగ్గర సన్యాసినులు నడిపే చిన్న కళాశాల. 1967లో వారి వ్యాయామశాల తగలబడిపోయింది, సాధనకు సొంత చోటు లేదు. క్యాథీ రష్ అనే యువతి ఏడాదికి 450 డాలర్ల జీతానికి కోచ్‌గా చేరింది. 1972లో తొలి ఏఐఏడబ్ల్యూ జాతీయ పోటీలకు అర్హత వచ్చింది కానీ ఇల్లినాయ్ వెళ్లడానికి డబ్బు లేదు. ఆటగత్తెలు టూత్‌బ్రష్‌లు అమ్మి చందాలు పోగుచేశారు. అందరికీ టికెట్లు కొనలేక ఎనిమిది మందే బయలుదేరారు, అది కూడా సీటు ఖాళీ ఉంటేనే ఎక్కనిచ్చే స్టాండ్‌బై టికెట్ల మీద.

పాతదస్త్రాలు
ఆ ప్రయాణం విలువ తెలియాలంటే దానికి ముందు జరిగింది కూడా చెప్పాలి. ప్రాంతీయ పోటీల్లో ఇదే ఇమాక్యులాటాను వెస్ట్ చెస్టర్ 70–38తో చితక్కొట్టింది. జాతీయ పోటీలకు వచ్చిన 16 జట్లలో ఇమాక్యులాటాకు ఇచ్చిన స్థానం పదిహేను. సెమీఫైనల్లో వారు నిరుటి విజేత మిసిసిపీ కళాశాలను దాటారు, ఫైనల్లో అదే వెస్ట్ చెస్టర్‌ను 52–48తో ఓడించారు. 1973లో, 1974లో కూడా టైటిల్ వారిదే. ఆటల్లో సన్యాసినులు వరుసగా కూర్చుని ఇనుప బకెట్లను కర్రలతో వాయించేవారట. ఎదుటి జట్లు ఆ మోత భరించలేక ఫిర్యాదులు చేశాయి.

మిరపకాయబజ్జీ
దేవుడి పేరు చెప్పి డప్పు కొట్టడం మనకొక్కరికే తెలుసనుకున్నాను.

పీఈటీ_విజయనగరం
టూత్‌బ్రష్‌లు అమ్మారా! మేము లక్కీ డ్రా టికెట్లు అమ్మాం. మొదటి బహుమతి ప్రెషర్ కుక్కర్. అది మా ప్రిన్సిపాల్ గారికే తగిలితే ఊళ్లో ఏమనుకున్నారో వేరే చెప్పనక్కరలేదు.

పాతదస్త్రాలు
ఎనభై ఏళ్ల భయం గురించి రాస్తానన్నాను. కొంచెం పెద్దదే, ఓపిక పట్టండి.

జేమ్స్ నైస్మిత్ 1891 డిసెంబరులో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఈ ఆటను కనిపెట్టాడు. దగ్గరలోనే నార్తాంప్టన్‌లో స్మిత్ కళాశాల ఉంది. అక్కడ వ్యాయామం నేర్పే సెండా బెరెన్సన్ అనే లిథువేనియా నుంచి వలస వచ్చిన యువతి ఆ ఆట గురించి చదివి, మరుసటి ఏడాదే తన విద్యార్థినులకు పరిచయం చేసింది. 1893 మార్చి 22న మొదటి ఏడాది విద్యార్థినులకూ రెండో ఏడాది వారికీ పోటీ పెట్టారు. మగవారికి ప్రవేశం లేదు. ఆట మొదలుపెడుతూ బంతిని పైకి ఎగరేసినప్పుడు బెరెన్సన్ చేయి పొరపాటున తగిలి మొదటి ఏడాది జట్టు నాయకురాలి భుజం కీలు జారిపోయింది. ఆమెను పక్కకు తీసుకువెళ్లి ఆట కొనసాగించారు. రెండో ఏడాది వారు 5–4తో గెలిచారు.

ఆడపిల్లలు ఒకరి మీద ఒకరు పడిపోతున్నారని, అలసిపోతే వారి ఆరోగ్యం చెడుతుందని, మర్యాద తప్పుతుందని అప్పటి పెద్దలు గోల పెట్టడంతో బెరెన్సన్ కోర్టును మూడు భాగాలు చేసి, ఎవరి భాగంలో వారే ఉండాలని గీత గీసింది. ఎదుటివారి చేతిలోని బంతిని లాక్కోకూడదు, బంతిని మూడు సెకన్లకు మించి పట్టుకోకూడదు, మూడుసార్లకు మించి నేలకు కొట్టకూడదు. ఆటను బతికించుకోవడానికి ఆమె చెల్లించిన మూల్యం ఆ గీతలేనని నా అభిప్రాయం. 1938లో మూడు భాగాలు రెండయ్యాయి, జట్టుకు ఆరుగురు. ముగ్గురు బాస్కెట్ వైపు, ముగ్గురు అడ్డుకునే వైపు. అడ్డుకునే అమ్మాయికి ఆట మొత్తంలో ఒక్క బాస్కెట్ వేసే అవకాశం కూడా రాదు. ఐదుగురు కోర్టంతా తిరిగే ఆట కళాశాల మహిళలకు 1971లో గానీ నియమం కాలేదు.

హార్ట్‌ఫోర్డ్‌వాసి
బెరెన్సన్ నియమాల వల్ల ఆట బతికిందా, వెనకబడిందా అన్నది తేల్చడం అంత సులభం కాదు. 1896 ఏప్రిల్ 4న శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ అమ్మాయిలు ఆడిన ఆట రెండు కళాశాలల మధ్య జరిగిన తొలి పోటీల్లో ఒకటి. స్టాన్‌ఫర్డ్ 2–1తో గెలిచింది. జట్టుకు తొమ్మండుగురు ఆడినా రెండు జట్లూ కలిపి మూడు పాయింట్లే. చూడటానికి 700 మంది మహిళలు వచ్చారు, లోపలికి రానివ్వని మగవారు కిటికీల దగ్గర ఎగబడ్డారు. అంటే చూసేవారికి ఆసక్తి మొదటి రోజు నుంచీ ఉంది. అడ్డుపడినది కళాశాలల యాజమాన్యాలే.

పాతదస్త్రాలు
1920లలో వచ్చిన అడ్డు అంతకంటే పెద్దది. 1923 తరువాత వ్యాయామ విద్యలో ఉన్న మహిళా నాయకులే పోటీలు వద్దన్నారు. కళాశాలల మధ్య పందేలకు బదులు ఆటల దినాలు పెట్టారు. నాలుగు కళాశాలల అమ్మాయిలను కలగలిపి జట్లు చేస్తారు, ఎవరూ తమ కళాశాల పేరు మీద గెలవరు, చివర అందరూ కలిసి తేనీరు తాగి వెళ్లిపోతారు. మిసిసిపీలోని డెల్టా స్టేట్ కళాశాల 1932లో అమ్మాయిల జట్టును రద్దు చేసింది. సుకుమారమైన యువతులకు ఆ ఆట మరీ శ్రమ అన్నది కారణం. ఆ జట్టులో ఆడుతున్న మార్గరెట్ వేడ్, ఆమె తోటివారు ఏడుస్తూ తమ యూనిఫారాలను తగలబెట్టారు.

నాక్స్‌విల్_అక్క
ఆ మార్గరెట్ వేడ్ దగ్గర ఆపితే కథ సగమే చెప్పినట్టు. 1973లో డెల్టా స్టేట్ నలభై ఏళ్ల తరువాత జట్టును మళ్లీ మొదలుపెట్టి కోచ్‌గా ఆమెనే పిలిచింది. అప్పటికి అరవై దాటిన మనిషి. 1975, 1976, 1977లో వరుసగా మూడు జాతీయ టైటిళ్లు గెలిచారు. మొదటి రెండు ఫైనళ్లలో ఓడినది ఇమాక్యులాటాయే. ఆ జట్టుకు వెన్నెముక లూసియా హారిస్. మిసిసిపీలో పొలాల్లో పనిచేసుకునే కుటుంబంలో పుట్టిన, ఆరడుగుల మూడు అంగుళాల నల్లజాతి యువతి. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మహిళల బాస్కెట్‌బాల్‌ను మొదటిసారి పెట్టినప్పుడు ఆ చరిత్రలో మొదటి బాస్కెట్ వేసినది ఆమే. 1977లో పురుషుల వృత్తి జట్టు న్యూ ఆర్లీన్స్ జాజ్ ఆమెను కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో తీసుకుంది. అప్పుడు గర్భవతి కావడంతో ఆమె వెళ్లలేదు. ఇవన్నీ జరిగిన ఏళ్లు జాబితాలో లేవంటే నాకు ఒళ్లు మండుతుంది.

మిరపకాయబజ్జీ
ఒక సందేహం. ఈ డెల్టా స్టేట్ ఉన్న ఊరి పేరు క్లీవ్‌లండ్, మొన్నటి ఫైనల్ జరిగింది కూడా క్లీవ్‌లండ్. మా బావమరిది రెండూ ఒకటే ఊరనుకుని మిసిసిపీలో హోటల్ వెతుకుతున్నాడు. వారించాలా, వెళ్లనివ్వాలా?

డెమోయిన్_తెలుగు
వెళ్లనివ్వండి, మార్గరెట్ వేడ్ ఊరు చూసి వస్తాడు. ఇక ఆరుగురి ఆట గురించి పాతదస్త్రాలు గారు అన్నదానికి ఒక చేర్పు. కళాశాలలు 1971లో వదిలేసిన ఆ పద్ధతి మా అయోవా పాఠశాలల్లో 1993 వరకు నడిచింది. మా వీధిలో డెబ్బై దాటిన ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉన్నారు. అక్క బాస్కెట్లు వేసే వైపు ఆడింది, చెల్లెలు అడ్డుకునే వైపు. అక్క పేరు పేపర్లో వచ్చేది, తనకు మోకాళ్ల నొప్పులు వచ్చాయని చెల్లెలు ఇప్పటికీ సణుగుతుంది. కెయిట్లిన్ క్లార్క్ రాకముందే ఇక్కడ ఊరూరా అమ్మాయిల ఆట చూసే అలవాటు ఉంది. 1985 ఫిబ్రవరిలో ఒహాయో స్టేట్‌తో ఆటకు అయోవా సిటీ అరీనాలోకి 22,157 మంది దూరారు, పట్టేది 15 వేల చిల్లరే. 2023 అక్టోబరులో ఫుట్‌బాల్ మైదానంలో కోర్టు పరిచి డీపాల్‌తో ఆడితే 55,646 మంది వచ్చారు. గాలికి బంతి ఎటుపోతుందో తెలియని చలిలో కూర్చున్నవారిలో మేమూ ఉన్నాం.

అడ్డప్రశ్న
ఇదంతా చదవడానికి బాగుంది. అయినా నా మొదటి మాటకే వస్తాను. ఏఐఏడబ్ల్యూ అంత గొప్పదైతే కళాశాలలు దాన్ని వదిలి ఎందుకు పోయాయి? 1982లో ఎన్‌సీఏఏ తన మహిళల టోర్నమెంట్ పెట్టగానే బలమైన జట్లలో అత్యధికం అటే దూకాయి. ఎన్‌సీఏఏ ప్రయాణ ఖర్చులు భరించింది, ఫైనల్ టీవీలో చూపించింది. టూత్‌బ్రష్‌లు అమ్ముకోవలసిన అవసరం తీరింది. ఆడే అమ్మాయిల వైపు నుంచి చూస్తే అది మేలే.

పాతదస్త్రాలు
ఖర్చులు భరించిన మాట నిజమే. కానీ అంతకు ముందు పదేళ్లు అదే ఎన్‌సీఏఏ ఏం చేసిందో కూడా చూడాలి. 1972 జూన్ 23న టైటిల్ నైన్ చట్టం మీద అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేశాడు. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో స్త్రీ పురుష భేదం చూపకూడదని దాని సారాంశం. అది క్రీడలకు వర్తించకుండా చూడటానికి ఎన్‌సీఏఏ కాంగ్రెస్‌లోనూ కోర్టులోనూ పోరాడింది. గెలవలేదు. మహిళల క్రీడలు తప్పించుకోలేని బాధ్యత అని తేలిన తరువాత, పైగా టీవీ సంస్థలు కూడా ఆసక్తి చూపడం మొదలైన తరువాత, తానే నడుపుతానని ముందుకు వచ్చింది. ఏఐఏడబ్ల్యూ దగ్గర అప్పటికి తొమ్మిది వందలకు పైగా సభ్య సంస్థలు ఉన్నాయి, డబ్బు మాత్రం లేదు. పెద్ద విశ్వవిద్యాలయాలు వెళ్లిపోయాయి, ఎన్‌బీసీ టీవీ ఒప్పందం నుంచి తప్పుకుంది, ఎన్‌సీఏఏ మీద ఏఐఏడబ్ల్యూ వేసిన గుత్తాధిపత్య వ్యతిరేక దావా 1983లో వీగిపోయింది.

1982లో రెండు జాతీయ ఫైనళ్లు జరిగాయి. వర్జీనియాలోని నార్ఫోక్‌లో ఎన్‌సీఏఏ తొలి ఫైనల్‌లో లూసియానా టెక్ 76–62తో చేనీ స్టేట్‌ను ఓడించింది. ఏఐఏడబ్ల్యూ చివరి ఫైనల్ ఫిలడెల్ఫియాలో జరిగింది, రట్గర్స్ 83–77తో టెక్సస్ మీద గెలిచింది. ఆ రట్గర్స్ కోచ్ తెరీసా గ్రెంట్జ్ ఎవరో తెలుసా? టూత్‌బ్రష్‌లు అమ్మిన ఇమాక్యులాటా జట్టులో సెంటర్.

లెక్కలపిచ్చి
అయితే 1982 వరుసలో రెండు పేర్లు రాయాలన్నమాట. నేను చూసిన ఏ జాబితాలోనూ రట్గర్స్ లేదు.

నాక్స్‌విల్_అక్క
ఇమాక్యులాటాకు ఆడినవారిలో మరొకరు మరియాన్ స్టాన్లీ. కోచ్‌గా ఓల్డ్ డొమినియన్‌కు 1979, 1980లో ఏఐఏడబ్ల్యూ టైటిళ్లు, 1985లో ఎన్‌సీఏఏ టైటిల్ తెచ్చారు. పేరున్న ఆటగత్తె నాన్సీ లీబర్మన్ ఆడినది ఆ మొదటి రెండు జట్లలోనే. ఒకే కోచ్, ఒకే కళాశాల, మూడు టైటిళ్లు, అందులో రెండింటిని ఒక పుస్తకంలోనూ ఒకదాన్ని మరో పుస్తకంలోనూ వెతుక్కోవాలి.

హార్ట్‌ఫోర్డ్‌వాసి
అడ్డప్రశ్న గారి మాటలో నాకు కొంత నిజం కనిపిస్తోంది. డబ్బు రాకపోతే మా కనెక్టికట్ కథే లేదు. జీనో ఆరియెమ్మా 1985లో కోచ్‌గా వచ్చే నాటికి అక్కడ చెప్పుకోదగ్గ జట్టు లేదు. 1995లో ఒక్క ఓటమీ లేకుండా మొదటి టైటిల్, 2016 నాటికి పదకొండు. 2014 నుంచి 2017 వరకు వరుసగా 111 ఆటలు గెలిచింది. ఆ వరుసను సెమీఫైనల్లో మిసిసిపీ స్టేట్ అదనపు సమయంలో 66–64తో తెంచినప్పుడు, చివరి క్షణంలో బాస్కెట్ వేసిన మోర్గాన్ విలియం ఎత్తు ఐదడుగుల ఐదు అంగుళాలు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు.

పాతదస్త్రాలు
వరుస విజయాల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. 111 కంటే పెద్దది ఉంది. టెక్సస్‌లోని ప్లెయిన్‌వ్యూలో వేలండ్ బాప్టిస్ట్ కళాశాల అమ్మాయిలు 1953 నుంచి 1958 వరకు 131 ఆటలు వరుసగా గెలిచారు. ఊరి విమాన వ్యాపారి క్లాడ్ హచర్సన్ తన చిన్న విమానాల్లో వారిని పోటీలకు తిప్పేవాడు. అందుకే ఆ జట్టుకు ఫ్లయింగ్ క్వీన్స్ అని పేరు వచ్చింది. పురుషుల జట్లు బస్సుల్లో తిరిగే రోజులవి.

మిరపకాయబజ్జీ
పీఈటీ గారి రిజర్వేషన్ లేని పెట్టెకూ ఈ విమానాలకూ మధ్య రాయబారం నడపడానికి నేను సిద్ధం.

హార్ట్‌ఫోర్డ్‌వాసి
వేలండ్ ఆడినది ఆరుగురి ఆట, పోటీ పడినది ఏఏయూ అనే ఔత్సాహిక క్రీడల సంఘం టోర్నమెంట్లలో, ఎదుట కంపెనీల జట్లు కూడా ఉండేవి. దాన్ని కళాశాలల రికార్డుతో కలపడం కుదరదు.

పాతదస్త్రాలు
ఎదుట ఉద్యోగం చేసుకునే పెద్ద ఆటగత్తెలు ఉంటే 131 గెలవడం ఇంకా కష్టం అవుతుంది గానీ తేలిక కాదు. 1958లో ఆ వరుసను తెంచిన నాష్‌విల్ బిజినెస్ కాలేజ్ పేరుకే కళాశాల. అయినా కలపమని నేను అనను, పక్కన రాయమంటాను.

పీఈటీ_విజయనగరం
నన్ను కదిలించినది మరొక విషయం. డెల్టా స్టేట్, ఇమాక్యులాటా, వెస్ట్ చెస్టర్ అన్నీ చిన్న కళాశాలలు. అవి ఇప్పుడు ఎక్కడ ఉన్నాయి?

పాతదస్త్రాలు
డెల్టా స్టేట్, వెస్ట్ చెస్టర్ ఇప్పుడు రెండో డివిజన్‌లో ఆడుతున్నాయి, ఇమాక్యులాటా మూడో డివిజన్‌లో. డబ్బు వచ్చిన తరువాత పై మెట్టు పెద్ద విశ్వవిద్యాలయాలది అయిపోయింది. చేనీ స్టేట్ సంగతి మరీ బాధాకరం. చారిత్రకంగా నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన కళాశాలల్లో మొదటి డివిజన్ మహిళల ఫైనల్ చేరినది అప్పుడూ ఇప్పుడూ అదొక్కటే. ఆ జట్టు కోచ్ వివియన్ స్ట్రింగర్ 1983లో అయోవాకు వెళ్లారు. పైన డెమోయిన్ గారు చెప్పిన 22,157 మంది ఆటలో కోచ్ ఆమే. తరువాత రట్గర్స్‌కు వెళ్లి మూడు వేర్వేరు కళాశాలలను చివరి నాలుగు జట్ల దశకు చేర్చారు. చేనీ మాత్రం 2018లో రెండో డివిజన్ నుంచి కూడా తప్పుకుంది.

మరో నష్టం ఎవరూ లెక్కించరు. 1972లో మహిళల జట్లకు కోచ్‌లు నూటికి తొంభై మందికి పైగా మహిళలే. జీతాలు పెరిగాక ఆ ఉద్యోగాలకు మగవారు వరుస కట్టారు. అన్ని క్రీడలూ కలిపి చూస్తే ఇప్పుడు మహిళా కోచ్‌లు సగం కూడా లేరు.

అడ్డప్రశ్న
జీతాలు పెరగడం ఆడే పిల్లలకు నష్టం కాదు. పాట్ సమిట్ మొదట్లో నెలకు 250 డాలర్ల జీతానికి జట్టు వ్యాన్ నడిపి, యూనిఫారాలు ఉతికేవారు. అదే బాగుండేదని ఎవరైనా అంటారా?

నాక్స్‌విల్_అక్క
ఎవరూ అనరు. కానీ ఎన్‌సీఏఏ వచ్చాక సమానత్వం వచ్చేసిందని కూడా అనకండి. 2021లో శాన్ ఆంటోనియోలో మహిళల టోర్నమెంట్‌కు 64 జట్లు వస్తే వ్యాయామం కోసం పెట్టినవి ఒక్క స్టాండు చిన్న డంబెల్స్, కొన్ని యోగా చాపలు. పురుషులకు హాలు నిండా పరికరాలు. ఒరెగాన్ ఆటగత్తె సెడోనా ప్రిన్స్ ఆ ఖాళీ స్థలమంతా వీడియో తీసి పెడితే దేశమంతా చూసింది. దాని తరువాత వేసిన విచారణ నివేదికతోనే, 2022 నుంచి అప్పటి దాకా పురుషుల టోర్నమెంట్‌కే ఉన్న మార్చ్ మ్యాడ్‌నెస్ అనే పేరు మహిళల టోర్నమెంట్‌కు వాడనిచ్చారు, జట్లను పురుషులతో సమానంగా 68 చేశారు. నలభై ఏళ్లు నడిపినవారికి ఆ ఆలోచన ఒక వీడియో వచ్చేదాకా తట్టలేదు. 2024లో మహిళల ఫైనల్‌ను సగటున 1 కోటి 89 లక్షల మంది చూశారు, పురుషుల ఫైనల్‌ను 1 కోటి 48 లక్షల మంది. మహిళలది ఎక్కువ కావడం ఇదే మొదటిసారి.

డెమోయిన్_తెలుగు
ఇక అసలు ప్రశ్నకు వస్తే, వుడార్డ్ రికార్డే నిజమైన రికార్డని అప్పటి అయోవా కోచ్ లీసా బ్లూడర్ బహిరంగంగానే అన్నారు. మార్చి 3న క్లార్క్ పురుషుల్లో పీట్ మరావిచ్ 3,667 కూడా దాటిన రోజు వుడార్డ్ అరీనాలోనే ఉన్నారు, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పుస్తకంలో లేకపోయినా చూసేవారి లెక్కలో ఆమె ఉంది.

లెక్కలపిచ్చి
పాయింట్ల పట్టికలో క్లార్క్ 3,951తో మొదట, వుడార్డ్ 3,649తో రెండో స్థానంలో రాయబోతున్నాను. అభ్యంతరాలుంటే ఇప్పుడే చెప్పండి.

పాతదస్త్రాలు
ఉంది. పెర్ల్ మూర్ 4,061. సౌత్ కరోలినాలోని ఫ్రాన్సిస్ మారియన్ కళాశాల, 1979తో ముగిసిన కెరీర్. ఎత్తు ఐదడుగుల ఏడు అంగుళాలు, మూడు పాయింట్ల గీత లేదు. 2021లో నైస్మిత్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు.

అడ్డప్రశ్న
అది చిన్న కళాశాలల విభాగం. పైగా ఆ 4,061లో 177 పాయింట్లు అంతకు ముందు చదివిన జూనియర్ కళాశాలలో వేసినవి. నాలుగేళ్ల కళాశాలలో ఆమె వేసినవి 3,884. అంటే క్లార్క్ కంటే 67 తక్కువ.

డెమోయిన్_తెలుగు
అడ్డప్రశ్న గారు మొదటిసారి మా అయోవా పక్షాన మాట్లాడారు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటున్నాను.

పాతదస్త్రాలు
67 తక్కువే. కానీ క్లార్క్ వేసిన మూడు పాయింట్ల బాస్కెట్లు 548. వాటిని రెండు పాయింట్ల చొప్పున కడితే ఎవరు ముందుంటారో మీరే చూసుకోండి.

అడ్డప్రశ్న
గీత లేకపోతే క్లార్క్ అంత దూరం నుంచి వేసేది కాదు, దగ్గరికి వచ్చి ఇంకా ఎక్కువ వేసేది. ఉన్న నియమాలను బట్టి ఆడతారు గానీ, లేని నియమాలతో లెక్క కడితే ఎట్లా?

లెక్కలపిచ్చి
మూర్‌కు ఒక వరుస ఇచ్చి, 3,884 పక్కన 177 వేరే గడిలో రాస్తాను. విభాగం కోసం ఇంకో గడి పెడతాను. దానితో చిన్న కళాశాలల విజేతలకు కూడా వరుసలు కావాలి, ఆ పేర్లు ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి.

పాతదస్త్రాలు
నా దగ్గర ఉన్నాయి. ఆదివారం పంపుతాను.